డేటాబేస్ మాటకు ఆపరేటింగ్ సిస్టమ్ పూచీ

సమాచారాన్ని అనేకమంది ఒకేసారి రాసినా, చదివినా, దిద్దినా అది చెడిపోకుండా, ఒకరి లెక్క మరొకరి లెక్కలో కలిసిపోకుండా భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌ను డేటాబేస్ అంటారు. ఇంటి పన్ను కట్టిన యజమాని వివరం, ఓపీ చీటీ రాయించుకున్న రోగి వివరం, పరీక్ష ఫీజు చెల్లించిన విద్యార్థి వివరం చివరకు చేరేది ఏదో ఒక డేటాబేస్‌లోకే. తనను వాడేవారికి అది ఇచ్చే మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది: ఒక నమోదు ఖరారైందని చెప్పిన తరువాత, మరుక్షణమే కరెంటు పోయినా, యంత్రం ఆగిపోయినా ఆ నమోదు పోదు. అయితే ఈ మాటను డేటాబేస్ ఒంటరిగా నిలబెట్టుకోలేదు. డిస్క్ మీద రాయడం, మెమరీని పంచడం, అక్షరాల వరుసను నిర్ణయించడం వంటి పనులన్నిటికీ అది తన కింద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగవలసిందే. అందుచేత పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ వంటి ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లు, అంటే మూల కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, వాడుకోగల డేటాబేస్‌లు, లినక్స్ మీదా, విండోస్ మీదా, ఫ్రీబీఎస్‌డీ మీదా, మ్యాక్ మీదా ఒకే పేరుతో నడుస్తాయన్నది నిజమే కాని, ఒకే తీరుగా నడుస్తాయనుకోవడం పొరపాటు.

ఈ తేడా తెలుగు నేల మీద ఎంతోమందికి నిత్యం ఎదురయ్యేదే. తూర్పు కనుమల పాదాల దగ్గర, చింతపల్లి మన్యానికి వెళ్ళే దారిలో ఉన్న నర్సీపట్నం, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఇటువంటి పట్టణాల్లో కార్యాలయాల బల్లల మీదా, కళాశాలల ల్యాబుల్లోనూ ఎక్కువగా కనిపించేది విండోస్ కాగా, అక్కడ నమోదయ్యే సమాచారం చేరే దూరపు సర్వర్లలో అధికభాగం లినక్స్ మీద నడుస్తాయి. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో విధానాన్నే ప్రకటించింది. ఆధార్ వ్యవస్థ నిర్మాణంలో కూడా మైఎస్‌క్యూఎల్ వంటి ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లకు చోటుంది. విండోస్ మీద పుట్టి లినక్స్ మీద బతకవలసిన సాఫ్ట్‌వేర్ మన చుట్టూ ఇంత ఉన్నప్పుడు, ఆ మార్పిడిలో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో తెలియడం కొద్దిమంది నిపుణులకే పరిమితం కావలసిన విషయం కాదు. ప్రయోగశాలలో సరదాగా నడిపి చూడటం ఒక ఎత్తు. ప్రొడక్షన్ అనే స్థితి, అంటే నిజమైన జనం నిజమైన పనికి దాని మీద ఆధారపడి ఉన్న స్థితి, మరొక ఎత్తు.

పోస్ట్‌గ్రెస్ 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన పరిశోధనగా మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు పొందింది. యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్యనే పెరిగిన ఈ సాఫ్ట్‌వేర్, విండోస్ మీద నేరుగా నడిచే రూపాన్ని 2005 జనవరిలో వెలువడిన 8.0 సంచికతో మాత్రమే అందుకుంది. అంతకు ముందు విండోస్ వాడకందార్లు సిగ్విన్ అనే మధ్యవర్తి పొర ద్వారా, యూనిక్స్ ఉన్నట్టు భ్రమింపజేసి దాన్ని నడిపేవారు. ఇంత ఆలస్యం కావడానికి కారణం బద్ధకం కాదు. ఆ డేటాబేస్ రూపకల్పనలోని మౌలికమైన ఊహలు కొన్నిటికి విండోస్‌లో ఆధారం లేకపోవడం.

ఆ ఊహల్లోకి పోయే ముందు, మన్నిక, అంటే ఖరారైన నమోదు పోకుండా నిలిచే గుణం గురించి వివరంగా చెప్పుకోవాలి. పాతకాలపు వర్తకుడు ప్రతి లావాదేవీని ముందుగా చిట్టాలో జరిగిన వరుసలోనే రాసుకుని, తీరిక చూసుకుని ఆవర్జాలో ఆయా ఖాతాల కిందికి ఎక్కించినట్టే, డేటాబేస్ కూడా ప్రతి మార్పును ముందు ఒక లాగ్ ఫైల్‌లో వరుసగా రాసి, తరువాత నిదానంగా అసలు పట్టికలలోకి ఎక్కిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ పద్ధతి 2001లో 7.1 సంచికతో వచ్చింది. యంత్రం అర్ధాంతరంగా ఆగిపోతే, తిరిగి లేచినప్పుడు డేటాబేస్ ఈ లాగ్‌ను, మార్పులన్నీ పట్టికలకు చేరినట్టు చివరిసారి గుర్తు పెట్టుకున్న చోటి నుంచి చదివి, పట్టికలకు ఎక్కని మార్పులను ఎక్కిస్తుంది. కాబట్టి లాగ్ డిస్క్ మీద నిజంగా పడిందా లేదా అన్నదాని మీదే ఖరారు అనే మాట నిలబడి ఉంది.

చిక్కంతా ఇక్కడే. ఒక ప్రోగ్రామ్ ఫైల్‌లో రాయమన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ వెంటనే డిస్క్ మీద రాయదు. వేగం కోసం దాన్ని మెమరీలోనే, పేజీ కాష్ అనే చోట ఉంచి, రాశానని జవాబిస్తుంది. నిజంగా డిస్క్‌కు చేర్చమని అడగడానికి ఎఫ్‌సింక్ అనే వేరే ఆదేశం ఉంది. ఈ ఆదేశానికి ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే అర్థం వేరు. మ్యాక్‌లో సాధారణ ఎఫ్‌సింక్ సమాచారాన్ని డిస్క్ పరికరం దాకా పంపుతుంది కాని, ఆ పరికరం లోపల ఉన్న చిన్న మెమరీనుంచి శాశ్వత స్థలానికి చేర్చమని అడగదు. అందుకు ఆపిల్ వేరొక ప్రత్యేక ఆదేశాన్ని ఏర్పాటు చేసింది. విండోస్ మీద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తనంతట తాను ఎంచుకునే రాత పద్ధతి, డిస్క్ పరికరపు కాష్ తెరిచి ఉన్నప్పుడు పూర్తి రక్షణ ఇవ్వదు. ఆ కాష్‌ను మూసివేయడమో, రాత పద్ధతిని మార్చడమో చేయాలని దాని అధికారిక పత్రాలే చెబుతున్నాయి. లినక్స్‌లో సాధారణంగా వాడే పద్ధతి ఇంకొకటి. అమరికలో ఒక్క పదం తేడా, కరెంటు పోయిన రాత్రి ఒక దినపు లెక్కలు మిగలడానికీ, పోవడానికీ మధ్య తేడా అవుతుంది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఉత్తరాంధ్ర విద్యుత్ వ్యవస్థను కూలదోసి, అనేక ప్రాంతాలను రోజుల తరబడి చీకట్లో ఉంచింది. తుపాను రాని రోజుల్లో కూడా, మన్యపు అంచున ఉన్న పట్టణాల్లో వర్షాకాలపు గాలివానకు కరెంటు పోవడం కొత్త కాదు. యూపీఎస్ బ్యాటరీ కొంత సమయం ఇస్తుంది కాని, అది పాతబడి ఎప్పుడు చేతులెత్తేస్తుందో ముందుగా చెప్పదు. డేటాబేస్‌ను స్థానికంగానే నడుపుకునే చిన్న కార్యాలయానికీ, ఆసుపత్రికీ, సహకార సంఘానికీ ఎఫ్‌సింక్ అర్థం ఏమిటన్నది అందుకే పుస్తకాల్లోని ప్రశ్నగా మిగలదు.

లినక్స్ విషయంలోనూ అంతా సవ్యంగా లేదని 2018లో బయటపడింది. డిస్క్‌లో లోపం వచ్చి ఎఫ్‌సింక్ విఫలమైతే, మళ్ళీ అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ ప్రయత్నిస్తుందని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రచయితలు ఏళ్ల తరబడి నమ్మారు. లినక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె భాగం, ఆ వైఫల్యాన్ని ఒకసారి తెలియజేసి, రాయలేకపోయిన పేజీలను రాసినవాటిగానే గుర్తు పెట్టేసేది. రెండవసారి అడిగినప్పుడు రాయవలసినదేమీ లేదు కనుక విజయమనే జవాబు వచ్చేది. డేటాబేస్ దాన్ని నమ్మి లాగ్‌లోని పాత భాగాన్ని చెరిపేసేది. ఫ్రీబీఎస్‌డీ మాత్రం అటువంటి పేజీలను ఇంకా రాయవలసినవిగానే ఉంచుతుంది. ఒకే మూల కోడ్, ఒకే ఆదేశం, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద రెండు పరిణామాలు. ఇరవై ఏళ్లపాటు ఈ ఆదేశాన్ని తప్పుగా ఎలా వాడగలిగారన్న ప్రశ్నే 2019లో బ్రస్సెల్స్‌లో జరిగిన ఫాస్‌డెమ్ సభలో ఒక ప్రసంగానికి విషయమైంది. 2019 ఫిబ్రవరిలో వెలువడిన సవరణ సంచికలతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ ధోరణిని మార్చుకుంది: ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా, మళ్ళీ అడగకుండా, తనను తానే ఆపేసుకుని, లాగ్ నుంచి మళ్ళీ కోలుకుంటుంది. అబద్ధపు విజయం కంటే నిజాయితీగల ఆగిపోవడం మేలన్న ఈ నిర్ణయం, ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. మూల కోడ్ అందరికీ తెరిచి ఉండటం వల్లనే డేటాబేస్ వైపువారూ కెర్నల్ వైపువారూ బహిరంగంగా వాదించుకుని ఈ లోపాన్ని తేల్చగలిగారు.

ఇదే కోవకు చెందిన మరొక చిన్న విషయం, ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, ఎంపిక. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సమాచారాన్ని 8 కిలోబైట్ల పేజీలుగా రాస్తుంది; ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా 4 కిలోబైట్ల ముక్కలుగా వ్యవహరిస్తుంది. కరెంటు మధ్యలో పోతే సగం కొత్తది, సగం పాతది అయిన చిరిగిన పేజీ మిగలవచ్చు. దీనికి విరుగుడుగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేజీ మొత్తాన్ని లాగ్‌లో కూడా రాస్తుంది; మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ అనే నిల్వ భాగం ప్రతి పేజీని రెండు చోట్ల రాస్తుంది. ఫ్రీబీఎస్‌డీ వాడేవారు ఎక్కువగా ఎంచుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ పాతదాన్ని చెరపకుండా కొత్త చోట రాసి, ఆ తరువాతే గుర్తు మారుస్తుంది కనుక, అక్కడ ఈ అదనపు భారాన్ని తగ్గించుకునే వీలుంది.

ఇక ముందు చెప్పిన ఊహల సంగతి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన దగ్గరకు వచ్చే ప్రతి వాడకందారుకూ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను, అంటే సొంత మెమరీ గల ప్రోగ్రామ్ నకలును కేటాయిస్తుంది. యూనిక్స్ కుటుంబంలో ఫోర్క్ అనే ఆదేశం నడుస్తున్న ప్రోగ్రామ్‌నుంచి అచ్చంగా అటువంటి మరొకదాన్ని చవకగా పుట్టిస్తుంది. విండోస్‌లో ఆ ఆదేశం లేదు. అక్కడ ప్రతి వాడకందారుకూ ప్రోగ్రామ్‌ను కొత్తగా మొదలుపెట్టి, ఉమ్మడి మెమరీని మళ్ళీ తగిలించి, స్థితిగతులన్నీ మళ్ళీ అందించాలి. క్షణానికి వందలమంది వచ్చిపోయే చోట ఈ ఖర్చు స్పష్టంగా కనిపిస్తుంది. విండోస్‌లో ఒక ఫైల్‌ను ఎవరైనా తెరిచి ఉంచితే దాన్ని తొలగించడం, పేరు మార్చడం కష్టం కావడం మరొక తేడా. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ డేటాబేస్ ఫైళ్లను పరీక్షిస్తూ తెరిచి పట్టుకోవడం వల్ల వచ్చే ఇబ్బందులు విండోస్ మీద డేటాబేస్ నడిపేవారికి బాగా తెలిసినవే. లినక్స్‌కు దాని చిక్కు దానికుంది. మెమరీ పూర్తిగా నిండిపోయినప్పుడు కెర్నల్ ఒక ప్రాసెస్‌ను ఎంచి చంపేస్తుంది; ఎక్కువ మెమరీ వాడే డేటాబేస్ తరచూ ఆ వేటుకు గురవుతుంది. అందువల్ల ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ ఇస్తానని కెర్నల్ ముందుగా మాట ఇవ్వకుండా కట్టడి చేసే అమరికను ప్రొడక్షన్ సర్వర్లలో సిఫారసు చేస్తారు.

మైఎస్‌క్యూఎల్ ఇందుకు భిన్నంగా, ఒకే ప్రాసెస్ లోపల అనేక థ్రెడ్‌లతో, అంటే ఒకే మెమరీని పంచుకునే పని ధారలతో నడుస్తుంది. 2000 దశకం తొలి ఏళ్లలో యాహూ సంస్థ ఫ్రీబీఎస్‌డీ మీద మైఎస్‌క్యూఎల్‌ను భారీగా నడిపినప్పుడు, నాటి ఫ్రీబీఎస్‌డీ 4లో థ్రెడ్‌ల సంగతి కెర్నల్‌కు తెలియకపోవడం పెద్ద అడ్డంకైంది. ఒక థ్రెడ్ డిస్క్ కోసం ఆగితే తక్కినవన్నీ ఆగేవి. ప్రాసెసర్లు రెండున్నా పని ఒకదానిపైనే జరిగేది. లినక్స్ పద్ధతి థ్రెడ్‌లను ఫ్రీబీఎస్‌డీకి తెచ్చుకుని ఆ కాలం గడిపారు. 2008లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 7.0 నాటికి ఈ లోటు తీరింది. ఒక కాలంలో నిజమైన నింద మరొక కాలంలో అపవాదు అవుతుందని చూపే ఉదంతమిది. పాత అనుభవం చెప్పి ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను తోసిపుచ్చేవారు ఏ సంచిక గురించి మాట్లాడుతున్నారో ముందు అడగాలి.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది డేటాబేస్ నేర్చుకునేది విండోస్ మీద గ్జాంప్ లేదా వ్యాంప్ అనే కట్టతో. ల్యాబులో చక్కగా నడిచిన ప్రాజెక్టు లినక్స్ సర్వర్‌కు ఎక్కించగానే, పట్టిక లేదని మొరాయిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో పట్టికల పేర్లు డిస్క్ మీది ఫైళ్ల పేర్లతో ముడిపడి ఉంటాయి; విండోస్ ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగా చూస్తే లినక్స్ వేరువేరుగా చూస్తుంది. ఒక చోట పెద్దబడితో, మరొక చోట చిన్నబడితో పేరు రాసిన విద్యార్థికి విండోస్ ఆ తప్పును ఎత్తిచూపనే లేదు. దీన్ని సరిచేసే అమరిక ఉంది కాని, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి దాన్ని డేటాబేస్‌ను తొలిసారి నెలకొల్పేటప్పుడే నిర్ణయించాలి. 2018కి పూర్వపు మైఎస్‌క్యూఎల్ పడమటి ఐరోపా లిపులకే సరిపోయే అక్షర సముదాయాన్ని తనంతట తాను ఎంచుకోవడం వల్ల, తెలుగు పేర్లు ప్రశ్నార్థకాల వరుసలుగా మారిపోవడం కూడా ఆ తరం విద్యార్థులకు అనుభవమే.

అన్నిటిలోకీ లోతైనది, తెలుగువారికి బాగా దగ్గరిది, అక్షరాల వరుస సమస్య. వేల పేర్లలో ఒకదాన్ని త్వరగా వెతకడానికి డేటాబేస్ ఇండెక్స్ అనే క్రమబద్ధమైన జాబితాను సిద్ధం చేసుకుంటుంది. వెతకవలసిన పేరు మధ్య పేరుకంటే ముందుదా, తరువాతదా అని పోల్చుతూ, ప్రతిసారీ సగాన్ని వదిలేస్తూ పోవడమే ఆ వెతుకులాట. ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చాలాకాలం పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌కే వదిలేసింది. లినక్స్‌లో ఆ పని చేసేది జీలిబ్‌సీ అనే మౌలిక లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్‌లన్నీ పంచుకునే కోడ్ సముదాయం. 2018 ఆగస్టులో వచ్చిన దాని 2.28 సంచిక, అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరించి వరుసలను సవరించింది. అంతకు ముందు అమెరికన్ ఇంగ్లీషు వరుసలో 11 అన్నది 1-1 కంటే ముందు వచ్చేది. ఆ తరువాత 1-1 ముందుకు వచ్చింది.

అడ్డగీతతో కూడిన ఇంటి నెంబర్లకు అలవాటుపడిన ఆంధ్ర పట్టణాలకు దీని అర్థం చెప్పనవసరం లేదు. పాత లినక్స్‌లో తయారైన ఇండెక్స్‌ను కొత్త లినక్స్‌లో అలాగే తెరిస్తే, జాబితా ఒక వరుసలో ఉంటుంది, వెతికేది మరొక వరుసను నమ్మి వెతుకుతుంది. పట్టికలో ఉన్న ఇల్లు లేదని జవాబు వస్తుంది. లేదనుకుని మళ్ళీ నమోదు చేస్తే, రెండోసారి రాకుండా ఆపవలసిన నియమం కూడా మోసపోయి, ఒకే నెంబరు రెండుసార్లు చేరుతుంది. ఏ హెచ్చరికా లేకుండా జరిగే తప్పు కనుక ఇది కరెంటు పోవడం కంటే ప్రమాదకరం. 2019లో విడుదలైన డెబియన్ 10, రెడ్‌హ్యాట్ 8 అనే లినక్స్ రకాలకు మారినవారెందరో దీన్ని ఎదుర్కొన్నారు. కంటైనర్లలో, అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన సరంజామాతో కలిపి కట్టిన మూటలలో, వాడే తేలికైన ఆల్పైన్ లినక్స్ మరొక మౌలిక లైబ్రరీని వాడుతుంది, అందులో భాషల వరుసలే లేవు. డెబియన్ మీది డేటాబేస్ ఫైళ్లను ఆల్పైన్ మీద తెరవడం కూడా ఇదే ఆపదను తెస్తుంది. పేరుకు రెండూ లినక్సే.

కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేటప్పుడు డేటాబేస్ ఫైళ్లను యథాతథంగా కాపీ చేయకూడదు. సమాచారాన్ని డేటాబేస్ భాషలోనే బయటికి రాయించి, కొత్త చోట మళ్ళీ చదివించాలి. అప్పుడు ఇండెక్స్‌లు కొత్త వరుసలో కొత్తగా తయారవుతాయి. సేవ ఎక్కువసేపు ఆపడం కుదరని చోట, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2017 నాటి 10వ సంచికతో వచ్చిన లాజికల్ రెప్లికేషన్ పనికివస్తుంది. ఫైళ్లను కాక, జరిగిన మార్పులను వరుసవారీగా పంపే పద్ధతి కావడం చేత, విండోస్ మీది పాత డేటాబేస్, లినక్స్ మీది కొత్తది పక్కపక్కన నడుస్తూ, రెండూ సమానమైన తరువాత వాడకందార్లను కొత్తదానికి మళ్ళించవచ్చు. 2022 నాటి 15వ సంచిక, ప్రతి డేటాబేస్ ఏ వరుస సంచికతో సృష్టించబడిందో గుర్తుంచుకుని, అది మారితే హెచ్చరిస్తుంది.

వరుస నిర్ణయాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలోనుంచి తప్పించి, అన్ని చోట్లా ఒకే తీరుగా నడిచే ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీకి అప్పగించే వీలు కూడా 10వ సంచికతోనే వచ్చింది. తెలుగుకు ఇది చాలా అవసరం. యూనికోడ్ పట్టికలో, అంటే ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేత సంఖ్యలిచ్చే పట్టికలో, ళ అక్షరం ల వెంటనే, వ కంటే ముందు ఉంటుంది. తెలుగు బడిలో నేర్పే వర్ణమాలలో అది హ తరువాత వస్తుంది. అక్షరాల సంకేత సంఖ్యలనే నమ్ముకున్న డేటాబేస్ కళ అన్న మాటను కవి కంటే ముందు పెడితే, వర్ణమాల ఎరిగిన పాఠకుడు కవి తరువాతే కళ కోసం వెతుకుతాడు. శాఖా గ్రంథాలయపు పుస్తకాల జాబితాలో, ఓటర్ల జాబితాలో, నిఘంటువులో ఇది చిన్న తప్పు కాదు. 2023 సెప్టెంబరులో వెలువడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16, ఐసీయూ వరుసకు సొంత నియమాలు జోడించుకునే వీలు కల్పించింది. హ తరువాత ళ, దాని తరువాత క్ష, ఆ పైన ఱ అని ఒక్క పంక్తిలో రాసి, ఆ వరుసకు ఒక పేరు పెట్టి, పట్టిక సృష్టించేటప్పుడే పేర్ల గడికి తగిలిస్తే, ఐసీయూ సంచిక ఒకటే ఉన్నంతవరకు ఆ జాబితా విండోస్ యంత్రం మీద తెరిచినా, ఫ్రీబీఎస్‌డీ సర్వర్ మీద తెరిచినా కవి, కళ అదే వరుసలో వస్తాయి. ఐసీయూ సంచిక మారిన రోజున మాత్రం ఆ గడి మీది ఇండెక్స్‌ను తిరిగి కట్టాలి.